పన్నె ఎనక

సోమవారం వైరస్ తీసేసిన.
కొత్తవాడ జంపఖానాల సొసైటీ ఆఫీసుల
బీరువాకూ మంచినీళ్ల కుండకూ నడుమ
పాత దుప్పటి ముక్క కప్పుకొని కూసున్న కంప్యూటర్.
ఎవరిదో పెన్‌డ్రైవ్‌ల వచ్చింది,
పెండ్లి ఫొటోల సందుల దూరి.
మూడుసార్లు స్కాన్ చేసిన. శుభ్రం అన్నది.
ఆరువందలు తీసుకొని, బండి కిక్కు కొట్టి
హన్మకొండ చౌరస్తాకు పోయిన
కుస్తీ గెలిచినోని లెక్క.

మంగళవారం పొద్దుగాల ఫోన్.
ఆడెపు సాంబలక్ష్మి, లెక్కలు రాసే ఆమె:
"యాకూబ్, రాత్రి బ్యాకప్ ఎక్కలే.
నలభై మూడు కాడ ఆగి ఎర్రగ చూస్తున్నది."

పోయిన.
తీగ మార్చిన.
డిస్కుల జాగ ఉన్నదా చూసిన, ఇంకో ఊరు కట్టొచ్చు.
రాత్రి తొమ్మిదికి కరెంటు పోయిందా అని
పక్క పిండిగిర్నీ ఆయనను అడిగిన. పోలేదట.
తారీఖు సరిచేసిన, పాత నకళ్లు కొన్ని తుడిచిన,
ఒకసారి ఊకెనే ఆర్పి మళ్ల వెలిగించిన,
మా పనిల అది దండం పెట్టుకున్నట్టు.
నలభై మూడు.
నలభై మూడు.
గోడ అవుతల మగ్గాలు ఆగకుంట కొడుతున్నయి
నా నెత్తిమీదనే కొట్టినట్టు.

సాంబలక్ష్మి వచ్చి నా భుజం ఎనక నిలబడ్డది.
పదిహేనేండ్లు అచ్చు అతికిన మనిషి,
కండ్లు మసకబారినంక లెక్కలకు వచ్చింది.
"పోగు తెగితే బట్టల ఎతుకుతవేంది పిలగా?
బట్టల కనవడేది సందు.
తెగిన కొస పన్నె ఎనక ఉంటది. పో, ఎనకకు పో."

ఎనకకు పోయిన.
తెరమీద కనవడకుంట పనిచేసేటోళ్ల పట్టీ తెరిచిన.
ఒక్కొక్కని పేరు, ఒక్కొక్కని హాజరు.
కింద ఎక్కడనో ఉన్నడు వాడు,
తెరిచి ఉన్న ఫైలుకు నీడ పట్టి
ఆ నీడను బ్యాకప్ చేతికిచ్చేటోడు.
పేరు ముంగట: నిలిపివేయబడినది.
వచ్చిన్నాడే ఆ పురుగు
ముందుగాల వాని చేతులు కట్టేసింది.
నేను దొంగను ఎల్లగొట్టిన గని
దొంగ ఏసిన గొళ్లెం తియ్యలే.
సోమవారం ఆరువందలు
జేబుల కొంచెం కుచ్చుకున్నయి.

వాన్ని లేపి పనిల పెట్టిన.
నలభై మూడు దాటింది. యాభై. యాభై ఎనిమిది.
అరవై ఒకటి కాడ మళ్ల ఆగింది.
ఈసారి పేరు పెట్టి చెప్పింది:
కూలీ లెక్క, రెండువేల పదకొండు.
పురుగు గుడ్లు పెట్టిపోయిన ఫైలు.
కాపలాదారు దాన్ని ముట్టనియ్యడు,
నకలు తీసేటోడు ముట్టకుంట ముందుకు పోడు.
ఇద్దరూ డ్యూటీల మంచిగనే ఉన్నరు.

"పీకేయాలె" అన్న, ఆమె మొఖం చూడకుంట.
అందుల రెండువందల పన్నెండు పేర్లు.
మగ్గం అమ్ముకొని భీవండి పోయినోళ్లు,
ఏటీఎంల ముంగట కుర్సీలేసుకొని కూసున్నోళ్లు,
వానకు గోడ కూలినంక
మళ్ల గుంట తవ్వని చిప్ప రాజనర్సు.
ఆమె బీరువాల చెయ్యి పెట్టి
ఎర్రగుడ్డ చుట్టిన చిట్ఠా తీసింది.
అంచులు చెదలు కొరికినయి.
"దీనికీ పట్టింది పురుగు. పేర్ల దాంక రాలే.
పీకెయ్. నేను మళ్ల కొడ్త."

పీకేసిన.
నూరు. ఆకుపచ్చ గీత.

శుభ్రం అన్న మాట ఒకసారి నమ్మినోన్ని,
నూరు అన్నా ఇగ నమ్మబుద్ధి కాలే.
నకల్ల నుంచి ఒక్క డిజైను ఇవుతలికి గుంజి
ఏరే జాగల తెరిచిన.
నీలం మీద పసుపు పట్టీలు.
సాంబలక్ష్మి వంగి, తెరమీద ఏలు పెట్టి ఎంచింది.
"మూడో పట్టీల ఒక పేక తక్కువున్నది."
నా గుండె జారింది.
"ఆగు, బెదురకు. గీసిననాడే తక్కువుండె.
మా మరిది గీసిండు. గట్లనే నేసి
నూటయాభై అమ్మినం, ఒక్కడు అడగలే."

కుర్సీ జరుపుకొని కూసున్నది.
చిట్ఠా మొదటి పుట మోకాలికి ఆనిచ్చి,
ఒక్క ఏలుతోటి, అక్షరం ఎతుక్కుంట, ఎతుక్కుంట,
చి
ప్ప