చప్పుడు కాకుండా

ఫిలడెల్ఫియా, 1787. బండివాడు క్వామినో చెప్పింది.

మే నెలాఖర్లో పిలిచారు నన్ను.
చెస్ట్‌నట్ వీధి రాళ్ల మీద మట్టి పరవాలట.
లోపల పెద్దమనుషులు దేశం గురించి ఆలోచిస్తున్నారు,
బండి చక్రాల మోత వాళ్ల మాటకు అడ్డం రాకూడదట.

సరే అన్నాను.
స్కూల్‌కిల్ ఏటి ఒడ్డున తవ్వి, బండికెత్తి,
నేనూ, నా ఒంటికన్ను గుర్రం టోబీ
పొద్దు పొడవకముందే తోలుకొచ్చి, పరిచి, కాళ్లతో తొక్కి...
మధ్యాహ్నానికి వీధి పరుపులా అణిగేది.
ఎవరి బండి వచ్చినా పిల్లి నడిచినట్టే.

కిటికీలు మూసే ఉండేవి.
ఆ ఎండల్లో!
ఉన్ని కోట్లలో ఉడికిపోతూ ఏం మాట్లాడుకున్నారో
వాకిట తుపాకులు పట్టిన కుర్రాళ్లకే తెలియదు,
నాకేం తెలుస్తుంది?

యోస్ట్ హింకెల్ అని చెప్పులు కుట్టే జర్మనువాడు,
నాలుగు అక్షరాలు వచ్చినవాడు,
వాడి కొట్టు ముందు నీళ్లు తాగేవాణ్ణి.
సీమలో ఒక తత్వవేత్త రాశాడట:
దేవుడిచ్చిన నేలలో ఎవడు తన కష్టం కలిపితే
ఆ నేల వాడిదని.
నేను వీధి వంక చూశాను.
ఈ చివర నుంచి ఆ చివర దాకా నా చెమటే.
"నవ్వకు" అన్నాడు యోస్ట్.
నేను నవ్వలేదు.

ఇంకా చెప్పాడు, రాజు ఉండడట ఇకమీదట.
పగ్గం ఒకడి చేతిలో,
దాణా సంచి ఇంకొకడి చేతిలో,
చక్రానికి వేసే అడ్డుకర్ర మూడోవాడి చేతిలో.
ఎవడూ ఎవణ్ణీ నమ్మనక్కర్లేదు, బండి మాత్రం నడుస్తుంది.
ఇది నాకు ఇట్టే అర్థమైంది.
తాగి తోలేవాడి బండి ఏ గోతిలో పడుతుందో చూసినవాణ్ణి.
మంచి బుర్రే పెట్టారు అనుకున్నాను.
ఇప్పటికీ అనుకుంటాను.

సెప్టెంబరులో తలుపులు తెరిచారు.
పత్రికలో పడింది. యోస్ట్ వేలు పెట్టి చదివాడు.
మొదటి మాటే 'మేము'.
ఆ మాటలో నేనూ కాసేపు నిలబడి చూశాను,
ఎవరి కోసమో కుట్టిన చెప్పుల్లో
కాళ్లు పెట్టి చూసినట్టు.

తర్వాత వాడి గొంతు తగ్గింది.
తలలు లెక్కపెట్టే చోటు అది.
స్వతంత్రులైతే ఒక్కొక్కరు ఒక్కరు.
మిగతావాళ్లు ఐదుగురుంటే ముగ్గురు.
"మిగతావాళ్లంటే?"
"మిగతావాళ్లు" అన్నాడు, "పేరు రాయలేదు."
బానిస అన్న మాట కోసం కాగితమంతా వెతికాడు.
లేదు.

అప్పుడు తెలిసింది,
ఆ వేసవి మట్టి పరిచింది నేనొక్కణ్ణే కాదని.
లోపల కూడా పరిచారు,
ఒక మాట మీద,
మెత్తగా, చప్పుడు కాకుండా.

నన్ను నేను కొనుక్కున్నాను, పదకొండేళ్ల కూలి పోసి.
డార్కస్ ఇంకా మేరీలాండు పొగాకు తోటలో ఉంది,
ఇద్దరు పిల్లలతో. అంతా ముగ్గురు.
ముగ్గురిలో ఐదింట మూడు వంతులెంతో
ఆ రాత్రి వేళ్ల మీద వేసుకున్నాను.
ఒకరు పూర్తిగా వచ్చారు.
రెండోవారిని ఎక్కడ కొయ్యాలో తెలియలేదు.

వేసవంతా గుమాస్తా నా మట్టి లెక్క రాశాడు.
ఐదు బళ్లు తోలితే ఐదనే రాశాడు.
మట్టికి తరుగు తియ్యలేదు.

చివర్లో ఒక దొడ్డితలుపు ఉంచారంటాడు యోస్ట్,
తప్పుంటే దిద్దుకోవచ్చట.
ఎవరు దిద్దుతారు? ఎప్పుడు?
వాడు పత్రిక మడిచి సూది అందుకున్నాడు.

అక్టోబరు వానకు మట్టి కొట్టుకుపోయింది.
ఎత్తిపొయ్యమని నాకెవరూ కూలి ఇవ్వలేదు.
రాళ్లు ఒక్కొక్కటే నల్లగా తేలాయి.
ఆ పొద్దున ఖాళీ బండి కట్టి
ఆ భవనం ముందు నుంచే వెళ్లాను,
దగ్గర దారి కాకపోయినా.
టోబీ డెక్కలు రాయి మీద పడ్డాయి.
వీధంతా కిటికీలు తెరిచి చూసింది.