గులకరాళ్ల గట్టు

ఎడమ చెవికి సముద్రం,
కుడి చెవికి రెల్లు.
మధ్యన మేం నడిచే ఈ గులకరాళ్ల గట్టు
నాలుగు లారీల వెడల్పు కూడా ఉండదు.

డెవన్ తీరానికి వచ్చాక
గురువారమంటే నాకు రబ్బరు బూట్లు,
పన్నెండు సీసాలు, ఉప్పు కొలిచే మీటరు,
నాకంటే నాలుగడుగులు ముందు
హెస్టర్ లస్కమ్ వీపు.

మొదటి సీసా జమ్ము మొదళ్లలో.
లోపలెక్కడో ఒక పిట్ట, గుప్పెడు కూడా ఉండదట,
గోడవతల పొరుగింటామెలా
గయ్యిమని అరిచి ఊరుకుంది.
"పదకొండేళ్లుగా వింటున్నా, చూసింది రెండుసార్లు"
అంది హెస్టర్.
రెండోసారి కనబడింది తోకేనట.

తర్వాతవి విల్లో చెట్ల కింద,
బురద బూటు పట్టుకుని బతిమాలే చోట.
రాతిమీద నీటికుక్క వేసిన పెంట.
వంగి వాసన చూసి "మల్లెపూల టీ" అంది.
నేను వంగలేదు.
ఆమె అటు తిరిగాక వంగాను.
నిజమే. చేపల బజారులో
ఎవరో మల్లెల బుట్ట దించినట్టు.

అక్టోబరులో, చంద్రుడు లేని వాన రాత్రి,
మలుగులు ఈ గట్టెక్కుతాయని చెప్పింది.
ఇరవయ్యేళ్లు ఈ నీళ్లలో పెరిగి
ఒకరోజు తిండి మానేసి, ఒళ్లంతా వెండి చేసుకుని
రాళ్లమీద పొట్ట ఈడ్చుకుంటూ
ఉప్పులోకి.

"మీ భాషలో ఈ నీళ్లనేమంటారు?"
మంచినీళ్లు అన్నాను. అర్థం చెప్పాను.
గడ్డంతో ఎడమవైపు చూపించి
"మరి అదేం పాపం చేసింది?" అంది.

జవాబు తోచలేదు.
ఆ మాట దాహంవేసిన మనిషి పెట్టిన పేరు.
మలుగునెవరూ అడిగి ఉండరు.

రెండు చలికాలాల కిందట తుఫాను గట్టుని కొరికింది.
తారురోడ్డు ముక్క ఇంకా ఇసుకలో బోర్లా పడుంది,
తెల్లగీత కింద పీతలు కాపురం పెట్టాయి.
ఇకమీదట తెగితే పూడ్చరట.
కౌన్సిల్ ఉత్తరం హెస్టర్ జేబులో
మడతల దగ్గర చిరిగిపోతోంది.
యాభయ్యేళ్లకో,
వచ్చే మార్చికో.

పన్నెండో సీసా గట్టువారనే.
అంకె పోయినవారం కంటే ఒక గీత పైన ఆగింది.
మీటరు తుడిచి మళ్లీ ముంచాం. అదే గీత.
వేలు తడిపి నాలుకకి రాసుకున్నాను,
చెయ్యకూడదని తెలిసే.
నాలుకకేమీ తెలియలేదు.

హెస్టర్ ఏమీ అనకుండా థర్మాస్ మూత తిప్పింది.
చీటీ తీసి తారీఖు వేశాను.
'నీటి రకం' అన్న గడిలో
ఎప్పుడూ రాసే మాటే రాశాను,
ఈసారి పెన్సిల్‌తో.