నాలుగు మూలలు

గురువారం పదకొండింటికి
షెఫీల్డులో, అటర్‌క్లిఫ్ రోడ్డు మీది నా లాండ్రీలో
ఒక చచ్చిపోయినవాడికీ ఒక బతికున్నవాడికీ
బాక్సింగ్ పోటీ.

ఏర్పాట్లు క్లెమ్‌వీ హెడ్లీవీ.
ఇద్దరికీ తలో సంచీ మాసిన బట్టలు,
తలో ఛాంపియను.

క్లెమ్ మనిషి ఐజక్ థ్రెల్‌ఫాల్, పందొమ్మిది వందల పదకొండు.
పగలు ఆకురాళ్ళకు పళ్ళు చెక్కే పని,
రాత్రి మనుషుల పళ్ళు రాలగొట్టే పని.
హెడ్లీ మనిషి డెల్‌రాయ్ పెనంట్, డెబ్భై తొమ్మిది.
ఎడమ చెయ్యి ఎప్పుడొచ్చిందో
తగిలినవాడికి మర్నాడు పేపర్లో చూస్తేగాని తెలిసేది కాదట.

పదహారేళ్ళుగా ఒప్పందం కుదరలేదు.
ఎన్ని రౌండ్లు? ఇరవై అంటాడు క్లెమ్.
పదిహేను దాటితే మావాడు రాడు, అంటాడు హెడ్లీ.
గ్లవ్స్ ఆరు ఔన్సులా, ఎనిమిదా?
బరువు ఆ మధ్యాహ్నమే తూచాలా, ముందురోజా?
థ్రెల్‌ఫాల్‌కి పళ్ళ మధ్య నారింజ తొక్క తప్ప వేరే కాపుదల తెలీదు,
మరి పెనంట్ నోట్లో రబ్బరు ముక్క ఉండొచ్చా?
ఒక చలికాలమంతా ఆ తొక్క మీదే గడిచింది.

నేను సబ్బుపొడి అమ్ముతూ వింటాను.
మూడో నంబరు మిషను బజరు మోగితే
ఇద్దరూ మాట ఆపి, ఊపిరి పీల్చుకుని,
మళ్ళీ మొదలుపెడతారు.
చచ్చినవాడి కళ్ళు చారెడంటారు.
థ్రెల్‌ఫాల్ చెయ్యి ఏడాదికో అంగుళం పొడుగవుతోంది.
పోయిన ఈస్టరుకి ఆరడుగులయ్యాడు.
ఫొటో చూశాను, నా భుజం దాకా వస్తాడేమో.

బతికున్నవాడి సంగతి వేరు.
బతికున్నవాడు పదకొండున్నరకి వస్తాడు,
రెండు పైజమాలు, తువ్వాళ్ళు, ఒక దుప్పటి.
వృద్ధుల హోమ్‌లో వేస్తే తన చొక్కా ఇంకెవరి ఒంటి మీదో తేలుతుందని
బస్సెక్కి ఇక్కడికే తెచ్చుకుంటాడు.
కాలరు లోపల కుట్టిన పేలిక మీద
డి. పెనంట్, తొమ్మిదో గది.
నాణెం సందులో వెయ్యడానికి మూడుసార్లు గురి చూస్తాడు.
నేను అటు తిరిగి నేల తుడుస్తాను.

వాళ్ళిద్దరికీ తెలీదు.
హెడ్లీ జేబులో పెట్టుకు తిరిగే ముఖానికి
ఇంకా ఇరవై ఏడేళ్ళే.
చెప్పేద్దామని ఒకసారి నోరు తెరిచాను.
కుట్లు పడ్డ కనుబొమ ఒకటి లేపి
వద్దన్నాడు.

మొన్న వాదన చిక్కుపడి, క్లెమ్ ఆయన్నే అడిగాడు:
"మీరు చెప్పండి పెద్దాయనా, ఎవరు గెలుస్తారు?"
నా చేతిలో చీపురు ఆగిపోయింది.

ఆయన చాలాసేపు మిషను గుండ్రటి అద్దంలోకి చూశాడు.
లోపల తువ్వాళ్ళు ఒకదాన్నొకటి పడదోసుకుంటున్నాయి.
"తొమ్మిదో రౌండు దాటాక," అన్నాడు,
"కొట్టడానికి ఎవరూ మిగలరు.
ఒకడి మెడ మీద ఒకడు తల వాల్చి నిలబడతారు.
రెఫరీ వచ్చి విడదీస్తాడు.
విడదీసినందుకు వాణ్ణి కొట్టాలనిపిస్తుంది."
కాసేపాగి,
"ఆ పాతాయన దగ్గర ఏ వాసన వస్తుంది? సబ్బుదా, సీసందా?"

క్లెమ్ దగ్గర దానికి జవాబు లేదు.
ఇది లెక్కలోకి రాదు, డ్రా కుదరదు, అన్నాడు హెడ్లీ.
డ్రా అయితే బెల్టు పాతవాడి దగ్గరే ఉండాలని
క్లెమ్ అందుకున్నాడు.
బజరు మోగింది.

వాళ్ళు వెళ్ళాక దుప్పటి ఆరింది.
ఒక్కడివల్ల మడత పడేది కాదది.
రెండు మూలలు ఆయనవి, రెండు నావి.
ఎదురెదురుగా నిలబడ్డాం.
ఆయన పాదాలు నేలను రాసుకుంటూ కదిలాయి,
ఎడమ కాలు ముందు, కుడి మడమ కాస్త లేచి.
చేతులు వణకలేదు.
దగ్గరికొచ్చి, తన మూలలు నా వేళ్ళకందించి,
వెనక్కి జరిగి,
మళ్ళీ వచ్చాడు.

నాలుగో మడతకి చిన్నగా నవ్వి,
"గడ్డం కాస్త దించు," అన్నాడు,
"తగుల్తుంది."