పదమూడో పళ్లెం

సజ్జా క్యాంపు, ఐదో బ్లాకు, రెండో అంతస్తు.
లస్మన్న చొక్కా విప్పి గోడవైపు తిరిగాడు.
వీపంతా నీటిపొక్కులు,
కొన్ని నిన్నటివి, కొన్ని ఈ పొద్దుటివి,
ఒకటి రెండు అప్పుడే చెక్కు కడుతున్నాయి.

"అమ్మ పోసింది సార్" అన్నాడు,
ఇంటికి పెద్ద చుట్టం వచ్చినట్టు
గొంతు తగ్గించి.
తలగడ కింద వేపమండ.
రౌండబౌట్ దగ్గరి చెట్టుదట,
బల్దియా బండి పోయేదాకా ఆగి
రాత్రి విరిచి తెచ్చారు.

నా ఫారంలో అమ్మకు గడి లేదు.
జబ్బు పేరు, మొదటి పొక్కు తేదీ,
కంపెనీ, గది, బతాకా నంబరు.
ఇరవై నాలుగు గంటల్లో పైకి పంపాలి.

"రాస్తే ఇంటికి తోలుతరా సార్?"
తోలరు. వేరే గదిలో ఉంచుతారు, అంతే.
"మరి ఆ దినాల జీతం?"
నేను పెన్ను మూత వెతుక్కున్నాను.

బస్సులో ఏ సీటు, పక్కన ఎవరు,
శుక్రవారం ఎవరికి గడ్డం గీశావు,
ఎవరి తువ్వాలు, ఎవరి పేకముక్కలు.
భార్యతో మాట్లాడింది ఎవరి ఫోన్లో?
"పోశన్న ఫోన్ల. బొమ్మ బందువెట్టి మాట్లాడిన,
మొకం జూస్తే అది తినదు."
పోశన్న మంచం నాలుగు. రాసుకున్నాను.

పన్నెండు మంచాలు, పన్నెండు పేర్లు.
లెక్క సరిపోయింది, లేచాను.
ఈ పని నేర్పిన పెద్ద నర్సు ఒకామె అనేది:
మంచాలు లెక్కపెట్టకురా, పళ్లేలు లెక్కపెట్టు.
కిటికీలో స్టీలు పళ్లేలు బోర్లించి ఉన్నాయి.
రెండుసార్లు లెక్కపెట్టాను.
పదమూడు.

గదిలో ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు.
ఏడో మంచం కింద దుప్పటి తెర
కొంచెం కదిలింది.

ఖల్లివల్లి మనిషి.
కఫీలు దగ్గర పాస్‌పోర్టు, ఒంటి మీద లుంగీ,
పద్నాలుగు నెలలుగా ఆ మంచం కింద ఇల్లు.
పేరు అడగలేదు. అడిగితే అది కాగితమవుతుంది.
తనే నా టార్చి వెలుగులోకి ముఖం పెట్టి
కనుబొమ్మ మీది గుంట చూపించాడు.
"నాకు ఆరేండ్లప్పుడే పోసింది సార్. మల్ల రాదు గద?"
రాదు, సాధారణంగా.
గుంట ఆటలమ్మదే కావచ్చు,
రాయి తగిలిందీ కావచ్చు.
భయపడ్డవాడి ముఖం మీద మచ్చ
ఏదైనా చెబుతుంది.

ఫారంలో పన్నెండే రాశాను.
పాల డబ్బా, సిమ్ రీచార్జి రాసుకునే
నా చిన్న పుస్తకంలో
ఒక మూల 13 అని వేసి, కింద గీతలు,
రోజుకొకటి, ఇరవై ఒకటి రావాలి.
డ్యూటీ దిగి మెట్లెక్కేవాణ్ణి.
చేతులు చూపేవాడు, పొట్ట చూపేవాడు,
నాలుక కూడా చూపేవాడు, అడక్కుండానే.

తొమ్మిదో గీత నాడు దుప్పటి తెర లేదు.
"ఏమో సార్" అన్నారు పదకొండుమంది.
లస్మన్న వేరే గదిలో ఉన్నాడు కాబట్టి
అతన్ని అడగలేదు.

పద్నాలుగో నాడు పోశన్నకు.
పదహారున పేకాటలో ఎదురు కూర్చున్న కుర్రాడికి.
వాళ్ల దారి నాకు తెలుసు,
వేలు పెట్టి చూపగలను:
ఇదిగో ఫోను, ఇదిగో రాణి ముక్క.

ఇరవయ్యో నాడు మూడో బ్లాకులో
చపాతీలు కాల్చే నేపాలీ కుర్రాడికి.
బస్సు వేరు, కంపెనీ వేరు,
మా ఐదో బ్లాకు మెట్లు ఎన్నడూ ఎక్కనివాడు.
రాత్రిళ్లు మిగిలిన చపాతీలు
వెనక తలుపు దగ్గర ఎవరికో ఇచ్చేవాడట.
ఎవరికని అడిగితే
పిండి చేతులు దులుపుకున్నాడు.

ఫారంలో ఆఖరి గడి:
ఎవరి నుంచి సోకింది.

తెలియదు, అని రాశాను.
ఆ గడి చిన్నది, మాట సరిగ్గా పట్టింది.
పంపాను. పైనుంచి అందినట్టు జవాబు వచ్చింది.

ఇవాళ మళ్లీ రెండో అంతస్తుకు పోయాను,
పనేమీ లేదు.
కిటికీలో పళ్లేలు లెక్కపెట్టాను.
ఇంకా పదమూడే ఉన్నాయి,
ఒకదాని మీద సన్నగా ఇసుక.