పుట్ అంటే పెట్టుడా?

నయీంనగర్‌ల జిరాక్సు షాపు మీది గది.
పొద్దుగూకినంక ఐదుగురం
ఒక కర్నెల్ ముందర కూసుంటం.
కర్నెల్ అంటే ఏందని కింది షాపాయన అడిగితే
మొగిలి చెప్పిండు: "కంప్యూటరుకు మేస్త్రి అసొంటిది.
ఎవలకు ఎంత జాగ, ఎవల వంతు ఎప్పుడు,
అన్నీ అదే చూస్తది."

ఆ రాత్రి పంచాయతి నా ప్యాచ్ మీద.
నలభై రెండు లైన్లు, మూడు రోజుల పని.
మెమరీల ఒక పేజీని ఇంకా ఎవలన్న వాడుతున్నరా చూసి
ఎవలూ లేకపోతే విడిచేసే ఫంక్షను.
దానికి నేను పెట్టిన పేరు
చెక్ పేజ్.

అస్మా స్క్రీను మీద వేలు పెట్టింది.
"చెక్ అంటే చూసుడే కదా.
చూసిపోతనని ఇంట్లకొచ్చినోడు
గోడ కూలగొట్టి పోతడా?"
లాజిక్ మంచిగనే ఉంది కదా అన్న.
"లాజిక్‌ను నేనేమన్న అన్ననా?"

కోపమొచ్చింది. నిజం చెప్పాలె,
తప్పు పట్టినందుకు కాదు.
మూడు రోజులు లెక్క సరిచూసిన నేను
పేరుకు మూడు నిమిషాలు సుత ఇయ్యలేదని
ఆమెకు తెలిసిపోయినందుకు.

మొగిలి వాళ్ళ నాయిన ఎనుమాముల మార్కెట్ల హమాలి.
మొగిలి మెల్లగ అన్నడు:
"బస్తా మీద తేజ అని రాసుంటది.
మోసేటోడు విప్పి చూడడు,
రాసినదాన్ని నమ్మి కుప్పల వేస్తడు.
లోపల తాలు కాయ ఎల్లిందంటే
తిట్లు మాత్రం మోసినోనికే."

ఇగ పేర్లు మొదలైనయి.
హ్యాండిల్ పేజ్.
ఎటు పట్టుకోవాలె దాన్ని, పిడి ఉన్నట్టే ఉంది, దొరకదు.
ప్రాసెస్ పేజ్.
ఆఫీసుల గుమస్తా "రేపు రా" అన్నట్టుంది.
ఫ్రీ పేజ్.
ప్రతిసారి విడువదు గదా, ఇది సుత అబద్ధమే.
ఎవలూ వాడకపోతేనే విడిచేసేది అని
మొత్తం కలిపి నేనొకటి రాస్తే
"గూడ్సు బండి లెక్కుంది,
కాజీపేట ప్లాట్‌ఫారం సరిపోదు" అన్నది అస్మా.

అప్పటిదాక చాయ్ ఊదుకుంటున్న భిక్షపతి సారు
"పుట్ పేజ్" అన్నడు.
"పాత ఆనవాయితీ. తీసుకుంటే గెట్,
పని అయిపోయినంక పుట్."

రవళి వచ్చి నెల కాలే.
"పుట్ అంటే పెట్టుడు గదా సార్?
మనం విడిచేస్తుంటే పెట్టుడెట్లయితది?"

అందరం ఆగినం.
ఏండ్ల సంది రాస్తున్నం ఆ మాట,
ఒక్కనాడన్న వినలే.

సారు కప్పు కింద పెట్టిండు.
"విడిచి... పెట్టు" అన్నడు,
ఆ రెండింటి నడుమ గాలిల
వేలెడు సందు చూపిచ్చుకుంట.
"పెట్టకుండ మన భాషల ఏదన్న విడుస్తమా బిడ్డా?
తీసింది తీసినకాడ పెడితేనే విడిచినట్టు."

రవళి రాసుకుంది. మల్ల కొట్టేసింది.
"తెలుగు రానోళ్ళు చదివితే, సార్?"
సారు కాడ జవాబు లేదు.
పేరు మీద ఒక్క లైను కామెంటు పెట్టుమన్నడు:
ఈ పిలుపు తర్వాత పేజీ ఉంటదని నమ్మకు.

యంత్రానికి ఇవేవీ అక్కర లేదు.
చెక్ అన్నా, పుట్ అన్నా, పుచ్చకాయ అన్నా
దానికి కావాల్సింది ఒక చిరునామా, కొన్ని అంకెలు.
మరి పేరు ఎవలకు?
ఎన్నడో ఒక నడిజామున, ఇంకో ఊర్ల,
ఆగిపోయిన మిషిను ముందర నిద్రకండ్లతోని
ఒక్కొక్క లైనే తడుముకుంట ఇందాక వచ్చేటోళ్ళకు.
నేనెవలనో వాళ్ళకు తెల్వదు.
అడుగుదమంటే నేనుండ.
నేను రాసిపోయిన రెండు మాటలే ఉంటయి.

పదకొండు ఫైళ్ళల్ల నలభై మూడు చోట్ల పేరు మార్చిన.
అస్మా మళ్ళొకసారి మొదటి నుంచి చదివి
సరే అన్నది. అని,
"టెంప్ టూ అని ఒక వేరియబుల్ పెట్టినవ్ చూడు,
దాని సంగతి రేపు."

దిగేటప్పుడు తలుపు పక్కన స్విచ్ బోర్డు.
ఏడు స్విచ్చులు, ఒక్కదాని మీదన్న రాత లేదు.
లైటనుకొని ఒకటి వత్తిన.
లైటు వెలుగుతనే ఉంది.
లోపటి నుంచి మొగిలి కేక:
"మోడెం ఎవలు బంద్ జేసిండ్రు?
సగమే పోయింది!"