ఈశాన్యం మూల

నలభై మూడు పేజీలు.
మొదటి పేజీ మీద నా ఇల్లు,
ఆకులు రాలిన అక్టోబరు ఇల్లు,
పోలీసు స్టేషన్లో నిలబెట్టి తీసిన ఫోటోలా.

ఇన్‌స్పెక్టర్ మంచివాడే. బూట్లు విప్పి వచ్చాడు.
నాలుగు గంటలు టార్చిలైటుతో పాకాడు,
అటక మీద నా పాత స్కీలు జరిపి
మళ్ళీ ఉన్నచోటే పెట్టాడు.
పదిహేడో పేజీ: వంటింటి వైర్లు నా కంటే పెద్దవి.
ఇరవై రెండు: మురుగు గొట్టంలో మేపుల్ వేర్లు.
కెమెరా దించి తీశాడు. గొంతులో ఇరుక్కున్న
వెంట్రుకల్లా ఉన్నాయి, నిజమే.
ముప్పై ఒకటి: సౌనా గదికి గాలి చాలదు.
ముప్పై ఏళ్ళుగా ప్రతి శనివారం
ఆ ఆవిరిలో చెమట కక్కి బతికే ఉన్నాను,
అది ఏ పేజీలోనూ లేదు.

ఏజెంటు లోర్నా వుకెలిచ్ ఫోన్ చేసింది.
"పద్దెనిమిది వేలు తగ్గించమంటున్నారు, ఐలీ.
కోపం తెచ్చుకోకు."
కోపం అప్పటికే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.
చెయ్యి కలిపాక వేళ్ళు లెక్కపెట్టుకుంటారా?
దులూత్ రేవులో క్రేను మీద
ఇరవై ఆరేళ్ళు చేశాను;
ఎత్తిన బరువు గాల్లో ఉండగా
కూలి బేరమాడేవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

లోర్నా నిదానంగా చెప్పింది:
ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు, మధ్యలో ఎక్కడో ఆగొచ్చు.
వాళ్ళు పోతే ఇల్లు మళ్ళీ సంతకెక్కుతుంది,
కొత్తగా వచ్చేవాళ్ళూ ఇవే అడుగుతారు.
ఒకసారి తెలిసిన లోపం
మళ్ళీ తెలియకుండా పోదు.

రాత్రి పెన్సిలు తీసుకుని కూర్చున్నాను.
కిటికీలకి అడిగింది కొట్టేశాను.
చూడ్డానికొచ్చిన రోజు ఆ కిటికీల్లోంచే సరస్సు చూసి
ఆ అమ్మాయి, కాలియా, చెబుతున్న మాట మరిచిపోయింది.
కంటికి కనబడ్డ పాతదనం ధరలోనే ఉంది.
వైర్లు: సగం.
మురుగు గొట్టం: పూర్తిగా నాదే.
మట్టి కింద ఉన్నది వాళ్ళకెలా కనిపిస్తుంది?
మొత్తం పదకొండు వేల రెండొందలు.
మరమ్మతు నేను చేయించను, డబ్బే తగ్గిస్తాను.
ఎవరి ప్లంబరు వాళ్ళకి ముద్దు.

పెన్సిలు కింద పెట్టబోయి ఆగాను.

కొన్ననాడు నేనూ ఇలాగే అడిగాను.
పొగగొట్టం పగుళ్ళు చూపించి
మిసెస్ ఓస్ట్‌బీ దగ్గర ఆరు వందలు రాల్చాను,
గెలిచానని దారంతా ఈల వేసుకుంటూ నడిచాను.
ఆమె ఒక్క మాట ఎదురు చెప్పలేదు.
ఎందుకో ఏప్రిల్లో తెలిసింది.
అర్ధరాత్రి, నేలమాళిగలో,
చీలమండ దాకా నీళ్ళలో నేను.
కొండ మీది మంచు కరిగి
ఈశాన్యం మూల నుంచి నింపాదిగా లోపలికొస్తోంది,
తాళంచెవి ఉన్నదానిలా.
ప్రతి ఏడూ రెండు రోజులు.
ఒక ఏడు మూడు బకెట్లు, ఒక ఏడు ముప్పై.
తరవాత గోడ ఆరిపోతుంది, ఏమీ ఎరగనట్టు.

ఇన్‌స్పెక్టర్ ఆ మూల కూడా టార్చి వేశాడు,
"పొడి" అని రాసుకున్నాడు.
అమ్మకం ఫారంలో, నీరు చేరుతుందా అన్న గడిలో,
నా గీత "లేదు" మీద ఉంది.
చెయ్యి జారిందని చెప్పుకోవచ్చు.
జారలేదు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు.
పడనీ. ఇన్ని ఏప్రిళ్ళూ
ఆ నీళ్ళు పడ్డది నా కాళ్ళ మీదే.

లోర్నాకి రాశాను:
పదకొండు వేల రెండొందలు. ఇంకొకటి, వాళ్ళు అడగనిది.
ఈశాన్యం మూల, ఏప్రిల్, రెండు రోజులు.
ఫారం దిద్దు. పంపు పెట్టించుకోడానికి ఇంకో రెండు వేలు.
కిటికీలకి మాత్రం ఒక్క సెంటు ఇవ్వను.

లోర్నా చాలాసేపు జవాబివ్వలేదు.
తరవాత: "ఇది నీకు ఖరీదవ్వొచ్చు."
తెలుసు.

వాళ్ళకి శుక్రవారం దాకా గడువు.
ఇవాళ మంగళవారమే అయినా సౌనా పొయ్యి రాజేశాను.
దారిలో ఆ మూల గోడకి అరచెయ్యి ఆనించాను,
పొడిగానే ఉంది, దొంగది.

ఎర్ర బకెట్టు మెట్ల కింద వదిలి వెళ్తాను.
అది బేరంలో లేదు.