ఇంచు గాదు, మిల్లీ గాదు

భూపాలపల్లి గని వేలంల
నలభై ఒకటో లాటు కింద దొరికింది నాకు,
ఎర్ర రంగు పెచ్చులూడిన ట్రైలరు.
ఏ దేశపుదో చెప్పే రేకు మీద
అన్నీ సున్నాలు, కొమ్ములు.
చదివినోడు లేడు.
"ఇనుము మంచిదిరా ఓదెలూ" అన్నడు మా బావ.
ఇనుము మంచిదే.

కోత మిషన్ను ఎక్కించుకొని
రెండు సీజన్లు తిప్పిన,
శాయంపేట, చిట్యాల, మంథని దాకా.
మూడో యాసంగికి, రేగొండ దాటినంక
ఎడమ దిక్కు ఎనుక చక్రం మూలిగింది.
ముందు సన్నగ, పిల్లి లెక్క.
తర్వాత పొగ.
విప్పితే బేరింగు
నూకల లెక్క రాలింది దోసిట్ల.

రింగు మీద నంబరుండె.
ముందటి నాలుగంకెలు సక్కగనే ఉన్నయి,
ఎనుకటి రెండు కాలిపోయినయి.
ఆ రెండంకెల కోసం
నేను తిరగని గల్లీ లేదు వరంగల్ల.

ఆటోనగర్ల తల అడ్డం ఊపిన్రు.
స్టేషన్ రోడ్డు సేటు దాన్ని కాటా మీద పెట్టి
పాత ఇనుము ధర చెప్పిండు.
ములుగు రోడ్డు బేరింగుల దుకాణంల
మల్లికాంబ ఒక్కతే
కళ్ళద్దాలు పెట్టుకొని రింగును వెలుతురుకు తిప్పింది.
"ఇంచు గాదు, మిల్లీ గాదు తమ్మీ,
నడుమ ఎక్కడ్నో పుట్టిందిది."
రాణిగంజికి ఫోను జేసింది.
ఆళ్ళు ఢిల్లీకి జేసిన్రు.
ఢిల్లీల జతకు ఎంతన్నరో
విని, ఫోను పక్కకు పెట్టి
నాకు చాయ్ తెప్పిచ్చింది.
ధర చెప్పలే.

అప్పటికి ట్రైలరు రోడ్డు పక్కన
తుమ్మ మొద్దుల మీద ముప్పై రోజులాయె.
కిరాయి వేరేటోనికి పాయె.
దాని మీద ఎవరో మక్కలు ఎండబోసుకున్నరు.
కింద ఒక కుక్క ఈనింది.
నా బండి కాడికి నేను పోతె
నన్నే మొరిగింది.

ఆఖరికి మల్లికాంబ చీటీ రాసిచ్చింది:
చార్ బౌళి, యాకూబ్ పాషా, లేత్ మిషను.

ఆయన నంబరు అడగలే.
ఇరుసు కొసను గుడ్డతోని తుడిచి
వెర్నియర్ పెట్టి మూడు దిక్కుల కొలిచిండు.
మూడు దిక్కుల మూడు లెక్కలు.
"ఇదే గుండ్రంగ లేదు గద భాయ్,
అసలు బేరింగు దొరికినా దీనికి నిలువదు."

నెల రోజులు నంబరు దేవులాడిన.
నంబరుకు సరిపోయే ఇరుసే
నా దగ్గర లేదు.

లేత్ తిరిగింది.
నీలం రంగు ఇనుప పొట్టు
చుట్టలు చుట్టలుగ ఆయన చెప్పుల మీద పడ్డది.
కొత్త కడెం ఒకటి జేసి, ఎర్రగ కాల్చి
కమ్మరోళ్ళు గీరెకు పట్టా ఎక్కిచ్చినట్టు
ఇరుసుకు తొడిగిండు.
నీళ్ళు పోయబోతె చెయ్యి పట్టుకున్నడు,
"దానంతట అదే సల్లారనియ్యి."
సల్లారెదాకా ఇద్దరం కూసున్నం.
ఏం మాట్లాడుకోలే.

దాని మీదికి మన లారీ బేరింగే సరిపోయింది.
మల్లికాంబ దుకాణంల,
మొదటి రోజు నేను మోచెయ్యి ఆనిచ్చి నిలబడ్డ
డబ్బాలనే ఉండె అది.

కుక్కపిల్లలను గంపల పెట్టి
మక్కలోళ్ళ పరదా నీడకు మార్చి
జాకీ దించిన.
"యాభై కిలోమీటర్లకు ఒకసారి దిగు" అన్నడు యాకూబ్ పాషా,
"హబ్బు మీద చెయ్యి పెట్టు.
పట్టుకోగలిగితే పో, కాలితే ఆగు.
అంకెలతోని పనిలేదు."

కాటారం కాడ దిగిన.
నాలుగు హబ్బుల మీదా చెయ్యి పెట్టిన.
మూడు సల్లగున్నయి.
మనది కొంచెం వెచ్చగ.
ఎంత వెచ్చగుంటే ఎక్కువో తెల్వక
ఇంకో చేత్తోని ఫోను జేసిన.
ఆ దిక్కు లేత్ సప్పుడు ఆగింది.
"చెయ్యి ఇంకా దాని మీదనే ఉన్నదా?"
ఉన్నది.
"ఐతే పో."